చెలమ దగ్గర తలల లెక్క

అనగనగా అనగానే మీరు రాజు కోసం చూస్తారు. ఈ కథలో రాజు లేడు. అడవిని ఏలిన పులి ముసలిదై కన్నుమూసింది. దాని తర్వాత మరో పులి ఆ వైపు రాలేదు.

"ఇక మనకు మనమే రాజులం" అనుకున్నాయి జంతువులన్నీ. ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ప్రతి సాయంత్రం పెద్ద బండ దగ్గర చేరాలి. ఎవరైనా ఒక మాట అడగాలి. సరే అన్నవాళ్లు బండకు తూర్పున, కాదన్నవాళ్లు పడమర నిలబడాలి. తలలు లెక్కపెట్టాలి. ఎటు ఎక్కువ ఉంటే అదే చట్టం.

మొదట్లో అందరికీ ముచ్చటగానే ఉంది. తర్వాత తర్వాత, ఇప్పపూలు ముందు ఎవరు తినాలి, నెమళ్లు తెల్లవారుజామున అరవొచ్చా కూడదా, కుందేళ్లు బొరియ ఎటు తిరిగి తవ్వుకోవాలి, అన్నిటికీ తూర్పు పడమరలే. పగలంతా మేతకు తిరిగిన కాళ్లతో సాయంత్రమంతా నిలబడాలి. చెప్పడానికి నాకే ఆయాసం వస్తోంది. వాటికెలా ఉండేదో మీరే ఆలోచించండి.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. ఏరు ఎండిపోయింది. ఇసుకలో ఒక్క చెలమ మిగిలింది. చెలమ అంటే బావి కాదు, ఇసుకలో తవ్విన గుంట. అడుగున నీరు మెల్లగా ఊరుతుంది. పక్కల నుంచి ఇసుక జారి పూడుస్తూ ఉంటుంది. తొమ్మిది అడవిపందులు రోజూ పొద్దు పొడవకముందే వచ్చి ముట్టెలతో ఆ ఇసుక తోడేసేవి. ఆ తర్వాత అందరూ వంతులవారీగా తాగేవారు.

ఒక సాయంత్రం కొమ్మయ్య అనే కోతి లేచాడు.

"పందులు ముట్టె పెట్టిన నీళ్లు మనం తాగడమేమిటి? వాటిని ఏటి అవతలికి పంపేద్దాం."

దుప్పులు రెండు వందలు. కోతులు వంద. పందులు తొమ్మిది. వాటిలో పెద్దవాడు కోరన్న నెమ్మదిగా అన్నాడు: "మేము ఎటు నిలబడినా తొమ్మిదిమందిమే. లెక్క దేనికి?"

అయినా లెక్కపెట్టారు. పందులు ఏరు దాటి వెళ్లిపోయాయి.

ఆ రోజు తూర్పున నిలబడ్డవాళ్లలో పొడలమ్మ అనే దుప్పి కూడా ఉంది. పందుల మీద ఆమెకు కోపం లేదు. పొదలో పురిటి కూన ఉంది. గుంపు ఎటుంటే అటు నిలబడితే త్వరగా ఇంటికి పోవచ్చు కదా అనుకుంది. అంతే.

పందులు పోయాక చెలమ పూడటం మొదలైంది. కొమ్మయ్య మళ్లీ లేచాడు. "వంతులెందుకు? ఎవరికి దాహమైతే వాళ్లు తాగొచ్చు" అన్నాడు. అప్పటికే సగంమంది విసిగి వెళ్లిపోయారు. పిల్లల తల్లులు లేరు, మేతకు దూరం పోయినవాళ్లు లేరు. పనిలేని కోతులు మాత్రం చివరిదాకా ఉన్నాయి. అదీ చట్టమైంది. మర్నాటి మధ్యాహ్నానికి చెలమలో బురదే మిగిలింది.

మూడో సాయంత్రం ఇంకో చట్టం పుట్టింది. బండ దగ్గరికి లెక్కకు రానివాళ్లకు నీళ్లు లేవు.

పొడలమ్మ ఆ సాయంత్రం కూన పక్కనే ఉండిపోయింది. తెల్లారి, రాత్రి ఊరిన కాసిని నీళ్ల కోసం వస్తే కొమ్మయ్య అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు నిన్న రాలేదు కదత్తా."

"నాకు నీళ్లు లేకపోతే కూనకు పాలుండవు నాయనా."

"నేను చేసింది కాదత్తా. అందరం కలిసి చేసిందే."

"అందరూ అంటే? నేను లేనుగా."

"వచ్చినవాళ్లే అందరూ" అన్నాడు కొమ్మయ్య.

పొడలమ్మ పొదకు తిరిగి వెళ్లింది. కూన పొదుగు పట్టుకుని చాలాసేపు చీకింది. ఏమీ రాలేదు. ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు. తల్లి దాన్ని చూసి, లేచి, ఏరు దాటి పందుల దగ్గరికి నడిచింది.

"అన్నా, ఆ రోజు నేనూ తూర్పునే నిలబడ్డాను" అంది. దాచలేదు.

"చూశాను" అన్నాడు కోరన్న. "ఇప్పుడు తవ్వమంటావు. తవ్వుతాం. రేపు సాయంత్రం మళ్లీ పొమ్మంటే?"

ఆ మాటే మనసులో తిప్పుకుంటూ ఆమె వెనక్కి నడిచింది. సాయంత్రం ఎలాగో బండ దగ్గరికి చేరింది. నిలబడలేక కూర్చునే మాట్లాడింది.

"నాకు ఓపిక లేదు. మీకూ లేదు, మీ ముఖాలే చెబుతున్నాయి. ఒక్కొక్క జాతి నుంచి ఒకర్ని పంపుదాం. వాళ్లు చెలమ దగ్గర కూర్చుని, చూసి, ఆలోచించి తేలుస్తారు. మనం మన పనులు చూసుకుందాం. వానలు పడ్డాక వాళ్లు నచ్చకపోతే వేరేవాళ్లను పంపుదాం. ఒక్కటి మాత్రం ఎవరూ లెక్కకు పెట్టకూడదు. ఎంత చిన్న జాతైనా సరే, దాన్ని నీళ్ల దగ్గర నుంచి తరమకూడదు."

"మన మాట మనమే చెప్పుకోవడం మానేస్తామా?" అన్నాడు కొమ్మయ్య.

మామూలుగా అయితే ఆ మాటకు చప్పట్లు పడేవి. ఆ రోజు పడలేదు. అందరూ పొడలమ్మ చెప్పినదానికి ఒప్పుకున్నారు. తెలివి వచ్చి ఒప్పుకున్నారని చెప్పను. అలిసిపోయి ఒప్పుకున్నారు.

దుప్పులు పొడలమ్మనే పంపాయి. పందుల తరఫున కోరన్న వచ్చాడు. కోతులు, కుందేళ్లు, నెమళ్లు తలా ఒకర్ని పంపాయి. ఐదుగురూ చెలమలోకి దిగి చూశారు.

"పైపైన తోడితే లాభం లేదు" అన్నాడు కోరన్న. "లోతుకు పోవాలి. ఒక పగలూ ఒక రాత్రీ ఎవరూ ఇందులో కాలు పెట్టకూడదు."

మిగతా నలుగురూ సరేనన్నారు. ఆ మాట బయటికి పొక్కగానే దుప్పులన్నీ పొడలమ్మను చుట్టుముట్టాయి. "నిన్ను పంపింది మేము. మేము దాహమంటున్నాం. రెండు వందలమంది మాట కాదంటావా?"

"నా కూనకూ దాహమే" అంది పొడలమ్మ. "మీ కేకలు మోసుకెళ్లడానికైతే నేనెందుకు, అవి ఇక్కడి నుంచే వినబడతాయి. చూసి తేల్చమని పంపారు. చూశాను. వానలు పడగానే నన్ను దించేయండి. అందాకా ఇదింతే."

ఆ పగలు మహా పొడుగ్గా గడిచింది. పందులు తవ్వుతూనే ఉన్నాయి. పొడలమ్మ కూన పక్కన పడుకుని దాని మూతి నాకుతూ ఉండిపోయింది. దాని ఊపిరి ఆగుతుందేమోనని రాత్రంతా భయపడింది. తాను చేసింది తప్పేమోనని కూడా భయపడింది.

తెల్లవారేసరికి చెలమలో మోకాలి లోతు నీరు నిలిచింది. వంతులు మళ్లీ మొదలయ్యాయి. పాలిచ్చే తల్లులది మొదటి వంతు. పొడలమ్మ తాగింది. మధ్యాహ్నానికి కూనకు పాలు వచ్చాయి. సాయంత్రానికి అది నాలుగు కాళ్ల మీద నిలబడింది.

వానలు పడ్డాయి. దుప్పులు బండ దగ్గర చేరి మొదట చేసిన పని పొడలమ్మను దించేయడం. ఆ దాహం రోజును అవి మరిచిపోలేదు. ఆమె స్థానంలో ఇంకో దుప్పిని పంపాయి. పొడలమ్మ కూనను వెంటబెట్టుకుని పచ్చిక వైపు వెళ్లిపోయింది. పందులు ఏటి ఇవతలే ఉన్నాయి. వాటిని పొమ్మనే మాట ఆ కొత్త దుప్పి కూడా ఎత్తలేదు.

నీతి: ఎక్కువమంది కోరిందల్లా అందరికీ మేలు కాదు, అందరి కోసం ఆలోచించేవాళ్లను ఎంచుకుని పంపాలి, వాళ్లను మార్చుకునే హక్కును మాత్రం మన దగ్గరే ఉంచుకోవాలి.