ఏ ఉచితం?

చిదంబరయ్య గారిని ఏదైనా అడిగితే నేరుగా జవాబు రాదు. ఒక్క మాట విసిరి ఊరుకుంటారు. అడిగినవాళ్లు ఆ మాట పట్టుకుని తిరగాలి. కృష్ణ ఒడ్డున ఆయన ఆశ్రమంలో అలా తిరగనివాళ్లు లేరు. ఈసారి వంతు సుభాషిణిది.

ఆమె బెజవాడలో శుభలేఖలు టైపు చేసే ఉద్యోగం మానుకుని, గురువుగారి దగ్గర నాలుగు మంచి మాటలు నేర్చుకుందామని వచ్చింది. వచ్చిందే గాని, ఇక్కడా టైపు పనే మెడకు చుట్టుకుంది. దానం గురించి గురువుగారు చెప్పిన వ్యాఖ్యానమంతా ఆమె చేతి మీదుగానే కంప్యూటరులోకి ఎక్కింది. ఆయనకు చూపు మందగించింది. కాగితం ముక్కుకు ఆనించుకున్నా అక్షరం కనపడదు. కాబట్టి ఆమె ఏం కొడితే అదే ఆయన మాటగా అచ్చవుతుంది. తప్పు దొర్లితే ఆ పాపం తనదేనని ఆమెకు మొదటినుంచీ భయం.

తీరా పుస్తకం ప్రెస్సుకు పంపే వారంలో ఆ టైపు సాఫ్ట్‌వేరుకు కట్టిన ఏడాది చందా అయిపోయింది. ఫైలు తెరుచుకుంటుంది, కళ్లారా చూసుకోవచ్చు, కానీ ఒక్క అక్షరం మార్చనివ్వదు. రైసుమిల్లు కోదండరామయ్య గారు చందా తాను కడతానన్నారు, మొదటి పేజీలో తన ఫొటో వేస్తే చాలునన్నారు. ప్రెస్సువాళ్లేమో, అదే పని చేసే సాఫ్ట్‌వేరు పైసా కట్టకుండా ఇంటర్నెట్‌లో దొరుకుతుందన్నారు. ఏం చేయాలో పాలుపోక సుభాషిణి గురువుగారిని అడిగింది.

"ఉచితమైనది చూసుకో అమ్మాయ్," అన్నారాయన, మూసిన కళ్లు తెరవకుండా.

ఆమె హమ్మయ్య అనుకుంటూ గడప దాటింది. దాటాక కాలు ఆగిపోయింది. ఏ ఉచితం? డబ్బు కట్టనక్కర్లేనిదా, తగినదా? గురువుగారు పాతకాలం మనిషి. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే తగినదనే అర్థం. మరి తగినదంటే అలవాటైనదీ నమ్మకమైనదీ కాదూ? కోదండరామయ్య గారికి ఫోను కలిపి, మోగేలోపే కట్ చేసింది. కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోయింది. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని. ఇక ఉండబట్టలేక మళ్లీ వచ్చింది.

"గురువుగారూ, మీరన్నది ఏ ఉచితమండీ?"

ఆయన నవ్వలేదు. "ఆ పైసా అక్కర్లేనిది పెట్టి చూడు. నేనూ వచ్చి కూర్చుంటా," అంటూ చేతికర్ర అందుకున్నారు.

సాఫ్ట్‌వేరు దిగింది, ఫైలూ తెరుచుకుంది. చూడగానే సుభాషిణికి ఏడుపొచ్చినంత పనైంది. పాతదానితో వచ్చిన తెలుగు ఫాంటు ఇందులో లేదు. అక్షరం ఒకచోట, దాని ఒత్తు ఇంకోచోట. దీర్ఘాలు రాలిపోయాయి, సున్నాలు వరస చివర పోగుపడ్డాయి.

"ఇది మనకు పనికిరాదండీ. కోదండరామయ్య గారికి చెప్పేస్తాను."

"చెబుదువుగానిలే. ముందు ఆ ముక్కలు కూర్చి నాకు చదువు."

చిరాకుగానే మొదలుపెట్టింది. ఇదివరకు వేళ్లు వాటంతటవే పరిగెత్తేవి, మనసు ఎక్కడున్నా పని జరిగిపోయేది. ఇప్పుడు అలా కుదరలేదు. ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది ఏ మాటై ఉంటుందని ఆలోచించాలి. ఆలోచించి, సరిచేసి, పైకి చదవాలి. అలా కూడబలుక్కుంటూ ఒక వాక్యం దగ్గరికి వచ్చింది.

"ప్రతిఫలము కోరి ఇచ్చుట... ఉచితము."

ఆగిపోయింది. మళ్లీ చదివింది. ఇదేమిటి, ప్రతిఫలం కోరి ఇవ్వడం తగిన పనా? ఫాంటు మారినప్పుడు అక్షరం ఎగిరిపోయిందేమోనని గబగబా పాత సాఫ్ట్‌వేరు తెరిచింది. అందులోనూ అదే ఉంది. ముత్యాల్లాంటి అక్షరాల్లో, ఒత్తు చెదరకుండా, నిక్షేపంగా ఉంది. ఆ పేజీని ఎన్నిసార్లు చూసి మురిసిపోయిందో!

"గురువుగారూ, ఇక్కడ నేను తప్పు కొట్టానండీ. మీరు అనుచితము అన్నారు."

"అన్నానా? గుర్తుందా నీకు?"

"గుర్తులేదండీ. కానీ మీరు ఇంకోలా అనరు."

ఆయన కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. ఆమె 'ఉ' తీసి 'అను' పెట్టింది. అప్పుడే ఫోను మోగింది. కోదండరామయ్య గారు.

"ఏమ్మా, కోటు ఫొటో పంపనా, కండువాతో ఉన్నది పంపనా?"

సుభాషిణి తెర మీది వాక్యం వంక చూసింది. "ఏదీ వద్దండీ. చందా అవసరం పడలేదు. ఏమీ అనుకోకండి," అని ఫోను పెట్టేసింది. పెట్టేసిందే గాని కుదురు లేదు. ముందు ఇంకా ఎన్ని పేజీలున్నాయో, వాటిలో తన చేతి తప్పులు ఎన్ని దాక్కున్నాయో!

"ఇంతకీ ఏ ఉచితమో మీరు చెప్పనేలేదు," అంది, కళ్లు తుడుచుకుంటూ.

"ఇన్నాళ్లూ టైపు కొట్టావు, ఇవాళ చదివావు," అన్నారు చిదంబరయ్య గారు. "తరవాతి పేజీ తియ్యమ్మా."