తాత పళ్లలో మామిడి పీచు

మౌలాలికి ఉన్న దిగులల్లా ఒక్కటే. గురువారం నాడు ఈతచాప మీద కూర్చునే యోగ్యత తనకుందని మస్తాను తాత ఎప్పుడు ఒప్పుకుంటాడా అని.

మస్తాను తాత ఒకప్పుడు దూది ఏకిన మనిషి. ఇప్పుడు ఊరి చివర, గుట్ట కింద, చిన్న దర్గా పక్కన ఉంటాడు. ఆయన్ని కొందరు ఫకీరంటారు, కొందరు సామి అంటారు. ఎవరేమని పిలిచినా పలుకుతాడు. గురువారం పొద్దున ఆయన చాప పరుచుకుని కూర్చుంటే, బాధలున్నవాళ్లు వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పుకుంటారు. మొన్నటి చలికాలం నుంచి తాతకు గొంతు బొంగురుపోయింది. నాలుగు మాటలకే దగ్గు ముంచుకొస్తుంది. అందుకని తన తర్వాత ఆ చాప మీద కూర్చునేవాణ్ని చూసుకోవాలనుకున్నాడు.

ముందు వరసలో ఉన్న శిష్యులు ఇద్దరు. ఒకడు నాగూరు, అరవై దాటినవాడు, బొంతలు కుట్టి బతికినవాడు. రెండోవాడు మన మౌలాలి. పళ్ల డాక్టర్లకు సామాన్లు అమ్మే కంపెనీలో పదిహేనేళ్లు ఊళ్లు తిరిగి, ఒకరోజు అన్నీ వదిలేసి వచ్చి తాత కాళ్ల దగ్గర కూర్చున్నాడు. కంపెనీని వదిలాడు గానీ, కంపెనీ మాటలు మాత్రం అతన్ని వదల్లేదు.

వస్తూ వస్తూ ఒక్క వస్తువు వెంట తెచ్చుకున్నాడు. వాటర్ ఫ్లాసర్. చేతిలో ఇమిడే తెల్లటి మిషను. నీళ్లు పోసి మీట నొక్కితే సన్నటి ధార జుయ్యిమని వచ్చి పళ్ల సందుల్లో ఉన్నదంతా కడిగేస్తుంది. రోజూ అన్నం తిన్నాక మౌలాలి వాకిట్లో నిలబడి దాన్ని నోట్లో పెట్టుకునేవాడు. ఆ చప్పుడు వినగానే కోళ్లు అవతలికి జరిగేవి.

నాగూరుది దారం పార్టీ. ఒకసారి ఊళ్లో పళ్ల క్యాంపు పెట్టినప్పుడు డాక్టరమ్మ ఆయనకు చిన్న డబ్బీలో ఫ్లాస్ దారం ఇచ్చింది. రెండు వేళ్లకు చుట్టుకుని ఒక్కో పంటి పక్కనా పైకీ కిందికీ మెల్లగా గీరాలని నేర్పింది. జన్మంతా సూదీ దారంతో గడిపిన మనిషి, ఇక వేరే మాట వింటాడా. నీళ్లు పోస్తే ఇల్లు తడుస్తుంది గానీ ఊడ్చినట్టవుతుందా అనేవాడు. నీ దారం పట్టని సందులోకి కూడా నా నీళ్లు పోతాయనేవాడు మౌలాలి. దర్గాకు వచ్చిపోయేవాళ్లు కూడా రెండుగా చీలారు. భక్తి సంగతి పక్కన పెట్టి చిగుళ్ల సంగతి మాట్లాడుకోసాగారు.

పోయిన గురువారం తాత ఇద్దరినీ చెరోపక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటగా వచ్చింది కింది వీధి లాలమ్మ. చెంపకు చెయ్యి ఆనించుకుని వచ్చి, అలాగే కూర్చుంది. ఆమె నోరు తెరిచేలోగా మౌలాలి అందుకున్నాడు. చిగుళ్ల కింద పాచి ఎట్లా చేరుతుందో, నీటి ధార దాన్నెట్లా కదిలిస్తుందో, మిషనులో ఎన్ని రకాలున్నాయో గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. మధ్యలో నాగూరు దూరి దారం గొప్ప చెప్పాడు. లాలమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. కాసేపటికి లేచి, చెంప మీద చెయ్యి తీయకుండానే వెళ్లిపోయింది.

ఆ రోజు తాను అద్భుతంగా మాట్లాడానని మౌలాలి నమ్మకం. తాత మాత్రం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. మౌలాలికి వారమంతా అన్నం సయించలేదు.

బుధవారం మధ్యాహ్నం ఎవరో గంపెడు నాటు మామిడిపళ్లు తెచ్చిచ్చారు. పిసికి రసం పీల్చుకునే రకం, తీపి ఎంతో పీచూ అంత. తాత రెండు తిన్నాడు. తిని, గోడకు ఆనుకుని, నాలుకతో నోట్లో ఏదో వెతుక్కున్నాడు.

"పళ్లలో పీచు ఇరుక్కుందప్పా. తీసినోడు రేపు చాప మీద కూర్చుంటాడు."

ఆ మాట పూర్తయ్యేలోగా ఇద్దరూ లేచారు. వయసులో చిన్నవాడు కాబట్టి మిషనుతో ముందుగా చేరింది మౌలాలి. తాతను నోరు తెరవమని, తడబాటులో మీటను అన్నిటికన్నా పెద్ద వేగానికి తిప్పి నొక్కాడు. మొదటి ధార ముందుపళ్లకు తగిలి తిరిగొచ్చి మౌలాలి కళ్లలోనే పడింది. రెండోది తాత గడ్డాన్నీ టోపీనీ తడిపి, ముక్కులోకి కూడా పోయింది. తాత తుమ్మాడు. తుమ్మి, ఇక చాలన్నట్టు చెయ్యెత్తి, నాగూరు వైపు నోరు తిప్పాడు.

నాగూరు మూరెడు దారం వేళ్లకు చుట్టుకుని కుడివైపు కిందిపళ్లలో దిగాడు. బొంతకు కుట్టు బిగించే అలవాటు కొద్దీ ఒక్క లాగు లాగాడు. చిగురు గీరుకుని రక్తం చుక్క కనపడింది. పీచు మాత్రం రాలేదు.

తాత కండువాతో గడ్డం తుడుచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డారు ఇద్దరూ. చూస్తే, నవ్వుతున్నాడు.

"ఏ పంట్లో అని ఇద్దర్లో ఒక్కడూ అడగల్యా," అన్నాడు.

మౌలాలి చేతిలో మిషను ఇంకా జుయ్యిమంటూనే ఉంది. దాన్ని ఆపడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. అప్పుడు అడిగాడు, ఏ పంట్లో తాతా అని. తాత తల అడ్డంగా ఊపాడు. తాను అలిసిపోయాననీ, రేపు చూద్దామనీ చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం వాకిట్లో తడి తుడుస్తూ మౌలాలి నాగూరు చేతుల వంక చూశాడు. మూడేళ్లుగా పక్కపక్కనే తింటున్నారు గానీ ఆ చేతుల్ని సరిగ్గా చూసింది లేదు. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, దారం చుట్టుకుంటే వేళ్లు నొయ్యవా నీకు?" అని అడిగాడు.

నాగూరు కాసేపు బింకంగా ఉండి, తర్వాత ఒప్పుకున్నాడు. లోపలి పళ్ల దాకా చెయ్యి పోవడం మానేసి ఏడాదయిందట. మౌలాలి కూడా దాచుకున్నది చెప్పేశాడు. కిందిపళ్లు రెండు అతుక్కున్నట్టుంటాయి, అక్కడ నీళ్లు ఎంత కొట్టినా పాచి కదలదని డాక్టరు తనను తిట్టాడని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మౌలాలి మిషనును తక్కువ వేగానికి తిప్పి నాగూరు చేతిలో పెట్టాడు. నాగూరు దారం మూరెడు తెంపి ఇచ్చాడు. కోళ్లకు ఆ సాయంత్రం ఏ పార్టీ గెలిచిందో అర్థం కాలేదు.

గురువారం వచ్చింది. పీచు ఎవరూ తీయలేదు కాబట్టి చాప మీద తాతే కూర్చున్నాడు. శిష్యులిద్దరూ గోడ దగ్గర నిలబడ్డారు. తనకిక ఆ చాప దక్కదని మౌలాలి మనసులో అనేసుకున్నాడు. బాధగానే ఉంది.

మొదటగా వచ్చింది మళ్లీ లాలమ్మే. మళ్లీ చెంపన చెయ్యి. తాత ఏదో అనబోయాడు, దగ్గు అడ్డం పడింది. నిజంగా వచ్చిన దగ్గో, తెప్పించుకున్నదో ఆయనకే తెలియాలి. దగ్గుతూనే పక్కకు జరిగి, చాప మీద అరచేత్తో తట్టి, మౌలాలిని చూశాడు.

మౌలాలి వచ్చి కూర్చున్నాడు. మిషను సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. పదిహేనేళ్ల అలవాటు మరి. అతను దాన్ని మింగాడు. లాలమ్మ చేతిని చూశాడు, ఆ చెయ్యి ఆనిన చెంపను చూశాడు. చెంపకు వాపు లేదు. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

"యాడమ్మా నొప్పి?" అన్నాడు.

అతను ఎదురుచూశాడు. అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం అతని బతుకులో అదే మొదటిసారి.

"పంటి నొప్పి కాదు నాయనా," అంది ఆమె. "ఎదురింట్లో మా చెల్లెలు పందిరి వేసుకుంది. ఆదివారం దాని కూతురి పెళ్లి. నన్ను పిలవల్యా."

తర్వాత మాట వెంట మాట అదే వచ్చింది. రెండేళ్ల కిందట ఒక విందులో వడ్డన దగ్గర అక్కాచెల్లెళ్లకు మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఆ పిల్లకు పుట్టినప్పుడు మొదటి నీళ్లు పోసింది లాలమ్మే. ఇప్పుడు కిటికీలోంచి పందిరి చూస్తూ కూర్చుంటోంది. ఇదంతా చెబుతూ ఆమె ఏడ్చింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. మౌలాలి ఊఁ కొట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు.

"పిలవకపోయినా పోవాలనే ఉంది నాయనా నాకు," అంది చివరికి.

"పో అమ్మా."

లాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. చెంప మీది చెయ్యి ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. చెప్పులేసుకుని ఊళ్లోకి పోతుంటే ఆమె నడక, వచ్చినప్పటికన్నా చురుగ్గా ఉంది.

మౌలాలికి అప్పుడు గుర్తొచ్చింది. తాత వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు.

"తాతా, నీ పీచు ఏ పంట్లో ఉందో చెప్పు, తీస్తా."

మస్తాను తాత నాలుకతో నోరంతా ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"ఇప్పుడే వచ్చేసింది నాయనా," అన్నాడు.