పాముకు చెవులు ఎందుకు లేవంటే

ఒకప్పుడు పాముకు కూడా చెవులుండేవి. చింతాకంత చెవులు. ఏ చిన్న చప్పుడైనా ఇట్టే నిక్కేవి.

ఆ రోజుల్లో పొడలమ్మ అనే పాము కొండ అవతలి నుంచి ఏటి ఒడ్డుకు కాపురం వచ్చింది. అక్కడంతా పిట్టల భాష. పొడలమ్మ ఆ భాష అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఓసారి కాకి "అయ్యో, నోరు జారాను" అంటే, జారిన నోరు ఎక్కడ పడిందోనని ఇసకంతా వెతికింది. పిట్టలు పడీపడీ నవ్వాయి.

ఆనాటి నుంచి మాట అర్థం కాకపోతే పొడలమ్మ అడగడం మానేసింది. అర్థమైనట్టు తలూపేది.

పొరుగున ఒక తీతువు పిట్ట ఉండేది. ఇసకలో నాలుగు గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఒక మధ్యాహ్నం దాని మొగుడు రెక్కలో ముల్లు దిగి ఏటి అవతల పడిపోయాడని కబురొచ్చింది.

తీతువు గాభరాగా పొడలమ్మ దగ్గరికి పరుగెత్తింది. "అక్కా, నేనొచ్చేదాకా నా గుడ్లు నీకే అప్పగిస్తున్నా. కడుపులో పెట్టుకుని చూసుకో!"

పొడలమ్మ ఉలిక్కిపడింది. కడుపులోనా? అడుగుదామనుకుంది. మళ్ళీ నవ్వుతారేమో! తలూపింది.

తీతువు ఎగిరిపోయాక గుడ్లను ఒక్కొక్కటే, పన్ను తగలకుండా, మెల్లగా మింగింది. అవి కదిలిపోతాయని ఎండలోనే బిగుసుకుని పడుకుంది.

పొద్దు వాలుతుండగా తీతువు మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. గూడు ఖాళీ.

"అక్కా, నా గుడ్లేవి?"

"భద్రంగా ఉన్నాయి చెల్లీ. నువ్వు చెప్పినట్టే కడుపులో పెట్టుకున్నాను."

తీతువు కెవ్వున అరిచింది. పిట్టలన్నీ వచ్చి వాలాయి. ఆ ముఖాలు చూశాక పొడలమ్మకు తన పొరపాటు తెలిసింది. ఒళ్ళంతా మెలితిప్పుకుని గుడ్లను బయటికి కక్కింది. మూడు దక్కాయి. నాలుగోది చితికిపోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ప్రేమగా చూసుకోమన్నానక్కా," అంది తీతువు ఏడుస్తూ. "అర్థం కాకపోతే ఒక్క మాట అడగలేకపోయావా?"

తిట్టినా బాగుండేది. పొడలమ్మ తలెత్తలేకపోయింది. జరజరా పాక్కుంటూ వెళ్ళి ఏటి బురదలో తల దూర్చింది. రెండు చెవులూ పూడిపోయేదాకా పొర్లింది. వెనకనుంచి పిట్టలు పిలిచాయి. తీతువు కూడా పిలిచింది. ఆ పిలుపు దానికి వినబడనేలేదు. చీమలు వదిలేసిన పుట్టలోకి దూరిపోయింది.

అప్పటినుంచే పాముకు చెవులు లేవు. నేల అదిరితే తెలుసుకుంటుంది, ఎవరో వస్తున్నారని. తెలియగానే తల దించుకుని, దారిలోంచి తప్పుకుని, చప్పుడు చేయకుండా వెళ్ళిపోతుంది.