నడిసముద్రంలో అట్లు పోసిన కుంపటిగాడు

ఒకప్పుడు నడిసముద్రంలో లంకలే ఉండేవి కావు. నీళ్లు, నీళ్లు, మళ్లీ నీళ్లు. అంతే.

ఆ నీళ్ల అడుగున కుంపటిగాడని ఒక నిప్పుకొండ ఉండేవాడు. పిల్లోడే గానీ పొగరు మామూలుగా ఉండేది కాదు. వాడికి ఒకటే పిచ్చి. నీళ్లపైకి రావాలి, ఎండ చూడాలి. అదీ ఎలా? సూదిలా, మొనదేలి, స్టైలుగా!

దాంతో రోజూ కడుపులో ఉన్న నిప్పుముద్దంతా బిగబట్టి ఒక్కసారే "ఢాం!" అని కక్కేసేవాడు. ముద్ద మీద ముద్ద పడి సన్నగా పైకి లేచేది. ముక్కుకి ఎండ తగిలేలోపే సముద్రం మావ భుజంతో ఒక్క తోపు తోసేవాడు. ఫట్! మొన విరిగి బుడుంగ్.

"ఏరా, మళ్లీ పడ్డావా? పుల్లలా లేస్తే పుల్లలానే విరుగుతావ్!" అని మావ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. చేపలు కూడా నవ్వేవి. కుంపటిగాడికి ఒళ్లు మండేది. వాడికెప్పుడూ మండుతూనే ఉంటుందనుకో, ఇది వేరే మంట.

ఒకరోజు పేరమ్మ అనే తాబేలు ఆయాసపడుతూ వచ్చి, వాడి విరిగిన మొన మీద కూలబడింది. కడుపు నిండా గుడ్లు.

"అబ్బాయ్, ఇక్కడెక్కడా ఒడ్డు లేదా? జాలరిపేట ఒడ్డున పెడితే కుక్కలు తవ్వి తినేస్తున్నాయిరా. ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. ఈసారన్నా బతకాలి."

కుంపటిగాడు ఛాతీ విరుచుకున్నాడు. "ఆగత్తా! ఇంత మొనదేలిన కొండ లేపుతా చూడు!"

"మొన మీదకి నేనెలా ఎక్కుతానురా? నా కాళ్లు చూశావా? తెడ్లు!"

వాడు చూశాడు. నిజంగానే తెడ్లు.

పేరమ్మ అంది, "జాలరిపేటలో ఆడాళ్లు అట్లు పోస్తుంటే చూశా. నీలాగ ముద్దగా పడెయ్యరు. పిండి జారుగా కలిపి పెనం మధ్యలో పోస్తారు. అది చుట్టూ పాకుతుంది. కాలాక తీసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నువ్వూ అలా పొయ్యి!"

"అట్లా? నేనా? మరి నా మొన?" వాడి మొహం మాడిపోయింది.

"మొన కావాలా, ఎండ కావాలా?"

కుంపటిగాడు గుర్రుమంటూనే నిప్పుని బాగా కాచి జారుగా చేశాడు. మెల్లగా వదిలాడు. ఎక్కడ! మొదటిది చిరిగి, ఉండలు చుట్టుకుపోయింది. చేపలు పడీపడీ నవ్వాయి.

"నావల్ల కాదు పో!"

"మొదటి అట్టు ఎవరికి సరిగ్గా వచ్చిందిరా? పొయ్యి రెండోది!"

రెండోది పాకింది. మూడోది ఇంకా దూరం పాకింది. అట్టు మీద అట్టు, అట్టు మీద అట్టు. పేరమ్మ గుడ్లు బిగబట్టుకుని చుట్టూ ఈదుతూనే ఉంది. చివరికి పై అట్టు నీళ్లలోంచి తేలింది. వాడి వీపు నిండా ఎండ!

మావకి కోపమొచ్చి తోశాడు. తోయడానికి నిలువుగా ఏముంది? అల పైదాకా పాకి, అలిసిపోయి వెనక్కి జారింది. "ఆర్పేస్తా నిన్ను!" అని నీళ్లు చల్లాడు. సుయ్య్! వేడివేడి అట్టు బుడగలొచ్చి, చిల్లులు పడి, గట్టిగా బిగిసింది.

"చల్లు, ఇంకా చల్లు! నీళ్లు చిలకరిస్తేనే అట్టు బాగా వస్తుంది!" అంది పేరమ్మ. మావ కోపంతో నురుగు కక్కాడు. కక్కుతూ కొట్టిన దెబ్బలకి, చల్లారి నల్లరాయైన అట్టు అంచు నలిగి ఇసక అయింది.

పేరమ్మ ఆ ఇసకలోకి బరబరా ఈడ్చుకుంటూ ఎక్కి గుడ్లు పెట్టింది. కుక్క వాసనే లేదు. కొన్నాళ్లకి పిల్లలు బిలబిలా లేచి, వాడి వీపు మీంచి జారుతూ నీళ్లలో దూకాయి. కుంపటిగాడికి చక్కిలిగింతలు.

"అత్తా, నేను పొట్టోడినా?"

"అడుగునుంచి కొలిస్తే నీ అంత పొడుగు ఎవడున్నాడురా!"

అప్పటినుంచే నడిసముద్రపు నిప్పులంకలు అట్లు పేర్చినట్టు వెడల్పుగా, వాలుగా ఉంటాయి. వాటి రాళ్లకి అట్టుకున్నట్టే చిల్లులుంటాయి. మొదటి అట్టు మాత్రం అన్నిటికన్నా కింద ఉంది. చూపించమంటే చాలు, కుంపటిగాడు గుప్పున పొగ వదిలి మొహం దాచుకుంటాడు.