నూకరత్నం మూడు వాక్యాలు

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం పక్కన, ఒక రొయ్యల షెడ్డు ఉండేదమ్మా. అందులో నలభై మంది ఆడవాళ్ళు రొయ్యలు ఒలిచేవాళ్ళు. నీలాగా కాళ్ళు జాపుకుని కాదు తల్లీ, పొద్దస్తమానం నిలబడే. ఐసులో చేతులు కొంకర్లు పోయేవి. వాళ్ళలో ఒకావిడ నూకరత్నం.

నూకరత్నం కూతురు పుష్ప ఆరో క్లాసు. వాళ్ళ టీచరు రోజుకో ఇంగ్లీషు మాట ఇచ్చేది. అర్థం ఒక్కటీ రాస్తే ఒప్పుకునేది కాదు. ఆ మాట పెట్టి మనింటి సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడు పుష్పతో పాటు నూకరత్నం కూడా మొదలెట్టింది.

మొదటి రోజు మాట డిలే. అంటే ఆలస్యం. నూకరత్నం పొయ్యి వైపు చూసి, "మై పప్పు ఈజ్ డిలేడ్, బట్ నాట్ స్పాయిల్డ్" అంది. ఆలస్యమైంది గానీ పాడవలేదు అని.

ఆ తర్వాత రోజు మాట సఫిషియెంట్. అంటే సరిపడా. "వన్ చెంబు వాటర్ ఈజ్ సఫిషియెంట్ ఫర్ మై మల్లెచెట్టు" అంది.

మూడో రోజు మాట చెక్. అంటే చూసి తేల్చుకోవడం. అప్పుడే వాళ్ళత్తగారు కూర నోట్లో పెట్టకుండానే ఉప్పెక్కువైందని గొడవ. "చెక్ ఫస్ట్, దెన్ స్కోల్డ్, అత్తమ్మా" అంది. ముందు చూడు, తర్వాత తిట్టు. ఆవిడకి అర్థం కాలేదు కాబట్టి సరిపోయింది.

షెడ్డులో మధ్యాహ్నం క్యారేజీలు విప్పేముందు అందరూ అడిగేవాళ్ళు, "ఇవాళ కూరేంటి, మాటేంటి?" అని. నూకరత్నం చెప్పేది. గుమాస్తా సూర్రావు మాత్రం నవ్వేవాడు. ఆయనకి వెయ్యి ఇంగ్లీషు మాటలకి అర్థాలు కంఠతా వచ్చు మరి.

"పప్పుకీ మల్లెచెట్టుకీ ఇంగ్లీషా నూకరత్నం? రొయ్యలు విన్నా నవ్వుతాయి."

"నవ్వనీ బాబూ, వాటికీ కాస్త కాలక్షేపం" అనేది.

ఇంతలో ఏమైందీ, షెడ్డు పంపిన సరుకు ఒకసారి రిజెక్ట్ అయింది. బాగాలేదని వెనక్కొచ్చేసింది. ఇంకొక్కసారి ఇలా అయితే షెడ్డుకి తాళమే అన్నాడు యజమాని. నలభై ఇళ్ళ పొయ్యిలు ఆ షెడ్డు మీదే వెలిగేవి తల్లీ.

ఆ తర్వాత పెట్టెలన్నీ సర్ది ఉంచితే, ఎక్కించే లారీ టైరు పేలి రాలేదు. సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి తనిఖీ ఆయన దిగాడు. తెలుగు ముక్క రాదు.

"లేటా?" అని ఇంగ్లీషులో అడిగాడు. సూర్రావు కంగారులో "ఎస్ సార్" అన్నాడు. "ఐసు తక్కువా?" "ఎస్ సార్." "పాడైందా?" "ఎస్ సార్." వెయ్యి మాటలూ ఎటు పోయాయో.

సరుకు వద్దని కొట్టే ఎర్ర ముద్ర ఆయన చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు నూకరత్నం చేతి తొడుగులు విప్పి ముందుకొచ్చింది. పొయ్యి మీద పప్పుని తలుచుకుంది.

"లారీ ఈజ్ డిలేడ్ సార్, బట్ రొయ్యలు నాట్ స్పాయిల్డ్."

ఆయన తలెత్తాడు.

"ఐస్ ఈజ్ సఫిషియెంట్."

ఆయన ముద్ర ఆగింది.

"చెక్ ఫస్ట్, దెన్ రిజెక్ట్."

ఆయన ఒక పెట్టె తెరిపించాడు. ఐసు నిండుగా ఉంది. ఒక రొయ్య వాసన చూశాడు. చల్లదనం కొలిచాడు. ఇంకో పెట్టె, ఇంకో పెట్టె. ఆ తర్వాత ఎర్ర ముద్ర జేబులో పెట్టేసి, పచ్చ ముద్ర టప్పుమని కొట్టాడు. నలభై మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు చూడూ, గోడమీద కాలెండరు ఊగింది.

మర్నాడు మధ్యాహ్నం సూర్రావు తన క్యారేజీ పట్టుకుని ఆడవాళ్ళ దగ్గరికే వచ్చాడు.

"ఇవాళ మాటేంటక్కా?"

"అఫ్రైడ్. అంటే భయపడటం. ముందు నీ వాక్యం చెప్పు, తర్వాతే మూత తియ్యి."

సూర్రావు తల గోక్కున్నాడు. ఆ తర్వాత మెల్లిగా అన్నాడు, "ఐ వాజ్ అఫ్రైడ్. నూకరత్నం వాజ్ నాట్." నేను భయపడ్డాను, నూకరత్నం భయపడలేదు అని.

ఆయన జన్మలో మొదటి సొంత ఇంగ్లీషు వాక్యం అదేనమ్మా. నూకరత్నం తన పప్పు ఆయనకి వడ్డించింది.

రొయ్య ఐసుకి, మాట నోటికి,
కథ కంచికి, మనం దుప్పటికి.