అరుగు మీద పైడమ్మ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు ఎక్కడో లేదురా భార్గవా, నీ భుజం మీదే ఉంది. కదలకు, కొబ్బరినూనె రాయనీ. మొన్న మిట్టమధ్యాహ్నం సముద్రంలో ఆడొద్దంటే విన్నావా? లాస్యా, నువ్వు ఊ కొట్టవే.

ఆ ఊరి నిండా నేతగాళ్ళే. ఇంటికి ఒక్క మనిషే. చెయ్యి ఆడితే మగ్గం, మగ్గం ఆడితే బట్ట, బట్ట దిగితే ఇంకో ఇల్లు. తాతల నాటి బట్టకి పోగుకి పోగు, రంగుకి రంగు జత బట్ట నేస్తే ఒక్కరు ఇద్దరౌతారు, ఒక్కిల్లు రెండిళ్ళౌతుంది. అయితే నేసీ నేయగానే కుదరదు. వీధి మొదట్లో అరుగు మీద పైడమ్మ కూర్చునుండేది. బట్టంతా వేళ్ళతో తడిమేది. బాగుంటే పొమ్మనేది. పోగు తెగితే ఆగమనేది, అతుకు వేసుకు రమ్మనేది. అతుకు నిలవలేదో, ఆ మగ్గం ఇక ఆడకూడదు. ఆ ఇంటి మనిషి నూలూ కండెలూ ఇరుగుపొరుగుకి పంచేసి, దీపం కొండెక్కించెయ్యాలి.

మరి అలాంటిదాన్ని పేరంటానికి ఎవరు పిలుస్తారే? ఎవరూ పిలవలేదు. పలకరించే దిక్కు లేదు పాపం. పక్కింటి సూరమ్మ ఒక్కతే పొద్దున్నే గ్లాసుడు గంజి తెచ్చి, తాగవే పైడీ అనేది. ఆ ఒక్క మాటతో పైడమ్మకి రోజు గడిచేది. ఊ కొడుతున్నారా?

ఒకనాడు ఎండ కాసింది. నువ్వు ఆడొచ్చావే, ఆ ఎండే. ఊళ్ళో పోగులన్నీ పటపటా తెగాయి. అతుకు వేసుకోగలిగినవాళ్ళు వేసుకున్నారు. సూరమ్మ బట్టలో మాత్రం నడిమధ్య మాడిపోయింది. అతికితే తెగింది, అతికితే తెగింది, మళ్ళీ అతికితే మళ్ళీ తెగింది. నా ఇల్లూ రెండిళ్ళవ్వాలని ఉందే, ఈ ఒక్కసారికి చూడనట్టు ఊరుకోవే అని సూరమ్మ పైడమ్మ చేతులు పట్టుకుంది.

పక్క వీధిలో అలాగే ఊరుకున్నారట. తెగిన బట్టతో ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి, ఆగమనేవాళ్ళు లేక నీళ్ళ కాలవ మీద కూడా ఇళ్ళు లేచాయి. వీధి వీధంతా ఎండిపోయింది. అది పైడమ్మకి తెలుసు.

ఏడ్చింది. ఏడుస్తూనే వద్దంది.

సూరమ్మ నూలూ కండెలూ పంచేసింది. దీపం కొండెక్కించే ముందు గ్లాసుడు గంజి తెచ్చి అరుగు మీద పెట్టి, తాగవే పైడీ అని వెళ్ళిపోయింది.

ఖాళీ అయిన చోట కింద నించి కొత్త ఇళ్ళు లేచాయి. ఊరంతా చల్లగా ఉంది. అందుకే, మన మంచికి ఆగమనేవాళ్ళని ఆడిపోసుకోకూడదర్రా. నీ భుజం మీద పొట్టు లేస్తోందే, అవి సూరమ్మలాంటివాళ్ళ ఇళ్ళే. గిల్లకు నాన్నా, వాటంతటవే రాలతాయి.

ఏమిటే లాస్యా? పైడమ్మకి ఇప్పుడు గంజి ఎవరిస్తారంటావా? ఎవరూ ఇవ్వరమ్మా. మనం నిద్రపోయినా అది ఒక్కతే కూర్చునుంటుంది, బట్టలు తడుముకుంటూ.

ఒరే భార్గవా, భుజంతో ఏమిట్రా గుసగుస? తాగవే పైడీ అంటున్నావా?

అను నాన్నా, ఇంకోసారి అను. కథ కంచికెళ్ళిపోయింది, పైడమ్మ అరుగు మీదే ఉంది. మనం పడుకుందాం.