గొట్టంలో బొమ్మ

ఆచార్య కూర్మనాథం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. లెక్కకు సంబంధించినదైతే సుద్దముక్క చేతికిచ్చేవారు. ఇంకేదైనా అయితే "చూద్దాం" అనేవారు. అది మాట దాటవేయడం కాదనీ, ఆయన నిజంగానే చూద్దామంటున్నారనీ గ్రహించడానికి శిష్యులకు కొంతకాలం పట్టేది.

ఆయన విశాఖపట్నంలో ఖగోళశాస్త్రం చెప్పేవారు. నక్షత్రాల వెలుగు మీద ఆయన చేసిన పరిశోధనలకు దేశదేశాల్లో పేరుంది. అయినా శనివారం వచ్చిందంటే టెలిస్కోపును జీపు వెనక పడుకోబెట్టుకుని ఏదో ఒక ఊరికి బయలుదేరేవారు. బడి మైదానం దొరికినా సరే, బస్టాండు పక్కన ఖాళీ స్థలమైనా సరే. వచ్చినవాళ్లందరికీ విసుగూ విరామమూ లేకుండా ఆకాశం చూపించేవారు. ఆ టెలిస్కోపు అద్దాన్ని ఆయనే ఇంటి వరండాలో కూర్చుని, ఏడాదికి పైగా అరగదీసి తయారుచేసుకున్నారు. దాని జోలికి ఎవరినీ రానిచ్చేవారు కారు. శిష్యురాలు వకుళకు దాని మూత తీసే అధికారం రావడానికే చాలా కాలం పట్టింది.

ఒక కార్తీకమాసపు శనివారం ఇద్దరూ సాలూరు వెళుతున్నారు. అంతకు ముందు వారం వకుళ మొదటిసారి ఒంటరిగా బొబ్బిలిలో ప్రదర్శన నడిపింది. అక్కడొకాయన, ఆమె ఎంత చెప్పినా నమ్మక, నలుగురి ముందూ పకపకా నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. దారిలో ఉండబట్టలేక అడిగింది.

"గురువుగారూ, నమ్మనివాళ్లను నమ్మించడం ఎలాగండీ?"

"చూద్దాం," అన్నారాయన.

సాలూరు కాలేజీ మైదానంలో పొద్దు వాలేసరికే జనం చేరారు. కుర్చీలూ, మైకూ తెచ్చినవాడు గవరయ్య. యాభై దాటిన మనిషి. ఆ ఊళ్లో పెళ్లికైనా దినానికైనా షామియానా వేసేది ఆయనే కనుక, ఆయన మాటంటే అందరికీ గురి. చీకటి పడుతూనే కూర్మనాథం గారు టెలిస్కోపు గొట్టాన్ని శనిగ్రహానికి గురిపెట్టి, గొట్టం దగ్గర వకుళను నిలబెట్టి, తాను పిల్లలతో మాట్లాడుతూ పక్కకు వెళ్లారు. ఊరికి పెద్దమనిషని గవరయ్యనే మొదట చూడమన్నారు.

గవరయ్య వంగి, ఒక కన్ను మూసి చూశాడు. నున్నటి చిన్న గుండు, దాని చుట్టూ కంకణం. ఎవరో గీసి పెట్టినంత చక్కగా ఉంది. ఆయన నిటారుగా లేచి నవ్వాడు.

"బాగుందమ్మా. బొమ్మ బాగా అంటించారు."

"బొమ్మ కాదండీ. అది నిజంగా శనిగ్రహమే," అంది వకుళ.

"నాను ఇలాటివి ఎరగనోణ్ణి కాదమ్మా. మా అయ్య బయస్కోపు పెట్టె నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగేవోడు. కన్నంలోంచి సూస్తే కాశీ కనపడేది, ఢిల్లీ కనపడేది. ఆ కాశీని మా యమ్మ గంజి రాసి అంటించీది. గంజి గిన్నె పట్టుకున్నది నానే. పెట్టెలోన ఏటుంటాదో నాకు తెలీదా?"

వరసలో నవ్వులు పుట్టాయి. "గవరయ్య చెప్పాడంటే నిజమేరా" అని ఎవరో అన్నారు. వెనకనున్నవాళ్లు కొందరు ఇళ్ల దారి పట్టారు. వకుళ ముఖం ఎర్రబడింది. గ్రహం ఎంత దూరాన ఉందో, వెలుగు ఎంతసేపు ప్రయాణించి వస్తుందో గబగబా చెప్పుకుపోయింది. ఆమె చెప్పినకొద్దీ గవరయ్య తల అడ్డంగానే ఊగింది. చివరికి ఉక్రోషంగా అడిగింది. "మా గురువుగారు మిమ్మల్ని మోసం చెయ్యడానికి ఇంత దూరం వచ్చారనుకుంటున్నారా?"

ఆ మాట విని కూర్మనాథం గారు వచ్చారు. సంగతి తెలుసుకున్నారు. కోపం తెచ్చుకోలేదు సరికదా, ఆయన ముఖంలో ఒక ఉత్సాహం కనిపించింది.

"నువ్వనేది సబబే గవరయ్యా. లోపల బొమ్మ ఉన్నా ఉండొచ్చు. వెతుకు." అంటూ టార్చీ, ఒక చిన్న స్క్రూడ్రైవరూ ఆయన చేతికిచ్చారు.

వకుళ గురువుగారి వంక చూసింది. ఏడాదికి పైగా గురువుగారు వేళ్లు కాయలు కాసేలా అరగదీసిన అద్దం! గవరయ్య కంటి దగ్గరి కటకాన్ని ఊడదీశాడు. టార్చీకి అడ్డం పెట్టి ఇటూ అటూ తిప్పాడు. కండువాతో తుడవబోతే ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. గురువుగారు కళ్లతోనే ఆపారు. గవరయ్య గొట్టం మూతిలో తల పెట్టి చూస్తే అడుగునున్న అద్దంలో తన కన్నే గుమ్మడికాయంత కనిపించింది. ఉలిక్కిపడ్డాడు. గొట్టం పొడవునా తట్టి చూశాడు. గంజి మరకైనా కనపడలేదు.

"అయిందా? ఇప్పుడు కటకం తగిలించి, నువ్వే పట్టుకో దాన్ని. అదిగో, ఆ చుక్క," అన్నారు కూర్మనాథం గారు, చేతులు వెనక్కి కట్టుకుని.

గొట్టం అటు తోస్తే ఇటు పోయింది. ఎత్తితే దిగింది. ఉత్త చీకటి తప్ప ఏమీ దొరకలేదు. వరసలో గొణుగుడు మొదలైంది. వకుళ ఇక ఆగలేక, "నేను పెట్టిస్తానండీ," అంది. గురువుగారు వద్దన్నట్టు చెయ్యి ఎత్తారు. గవరయ్య చొక్కా చెమటతో తడిసింది. అయినా వదల్లేదు.

ఉన్నట్టుండి ఆయన కదలకుండా నిలబడిపోయాడు.

"దొరికింది." మరుక్షణమే కేక వేశాడు. "ఓలమ్మో, పోతంది! అంచుకి పోతంది!"

గొట్టం కొంచెం జరిపి మళ్లీ పట్టుకున్నాడు. అది మళ్లీ జారిపోయింది. మళ్లీ జరిపాడు. అలా ఎన్నిసార్లు పట్టుకున్నాడో, ఎన్నిసార్లు పోగొట్టుకున్నాడో. చివరికి తల ఎత్తి, గొంతు తగ్గించి అడిగాడు.

"మా అయ్య పెట్టెలో బొమ్మ, మా అయ్య పిడి తిప్పితేనే కదిలేది మాస్టారూ. దీన్నెవుడు తిప్పుతున్నాడు?"

"నువ్వు నిలబడ్డ నేల," అన్నారు కూర్మనాథం గారు.

గవరయ్య తన కాళ్ల వంక చూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇళ్లకు బయలుదేరినవాళ్లు గేటు దగ్గర ఆగి, ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. ఆ తరువాత గొట్టం పక్కన వకుళకు పని లేకపోయింది. గవరయ్యే నిలబడి, జారిపోతున్న గ్రహాన్ని జరిపి జరిపి పట్టుకుంటూ, "తొరగా సూడండర్రా, మనం తిరిగిపోతన్నాం," అని ఒక్కొక్కరినీ పిలిచి చూపించాడు. ఆమె దూరంగా నిలబడి గురువుగారినే చూస్తూ ఉండిపోయింది. కన్నబిడ్డలా సాకిన వస్తువును ఒక అనుమానం చేతిలో పెట్టి అంత నిబ్బరంగా నిలబడగలిగిన మనిషిని ఆమె అదివరకు చూడలేదు.

జనం పలచబడ్డారు. గవరయ్య పనివాళ్లు కుర్చీలు మడిచి ట్రాక్టరుకెత్తి, రమ్మని కేకలు వేస్తున్నారు. ఆయన కదిలితేనా! జీపు దగ్గర గురువుగారికి అడ్డంగా నిలబడి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నాడు.

"ఆ కంకణం మంచుగడ్డలన్నారు. తమరెళ్లి సూసొచ్చేరా?"

"లేదు."

"మరి మంచని ఎలా తెలిసింది? సున్నపురాయి అవకూడదా?"

కూర్మనాథం గారు పెద్దగా నవ్వి, జీపు వెనక చెక్క మీద కూర్చుని, ఆయనకూ పక్కన చోటు చూపించారు. వకుళ వచ్చి గురువుగారి చెవిలో నెమ్మదిగా అంది. "ఇంత చూశాక కూడా ఆయన ఇంకా నమ్మలేదండీ."

"నమ్మి ఉంటే ఎప్పుడో ఇంటికి పోయేవాడు కదమ్మా," అన్నారాయన.